డిస్కు చేతులు మారే ముందు: డేటా నిజంగా చెరిగిపోవాలంటే

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు 2000 నవంబరు నుంచి 2002 ఆగస్టు దాకా సెకండ్ హ్యాండ్ హార్డ్ డిస్కులు కొంటూ పోయారు. మొత్తం 158 పోగయ్యాయి. వాటిలో పనిచేసినవి 129. పాత యజమాని డేటాను సరిగ్గా చెరిపేసి వదిలించుకున్నవి మాత్రం 12. మిగతావాటిని తవ్వితే క్రెడిట్ కార్డు నంబర్లే ఐదు వేలకు పైగా దొరికాయి. ఒక డిస్కయితే ఏటీఎంలో వాడినట్టుంది: ఖాతా నంబర్లు, లావాదేవీల తేదీలు, బ్యాలెన్సులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ యజమానులంతా ఏమీ పట్టించుకోనివాళ్లని అనుకుంటే పొరపాటు. చాలామంది ఫైళ్లు డిలీట్ చేశారు, ఫార్మాట్ కొట్టారు. స్క్రీన్ మీద డిస్కు ఖాళీగా కనిపించింది కాబట్టి పని అయిపోయిందనుకున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. మనం ఇచ్చే ఆదేశం ఒకటి, లోపల జరిగే పని ఇంకొకటి. ఈ తేడా హార్డ్ డిస్కులో ఒకలా, ఫ్లాష్ మెమరీ చిప్పుల్లో డేటా దాచే ఎస్ఎస్‌డీలో ఒకలా, ఫోన్‌లో ఇంకోలా ఉంటుంది. అందుకే ఈ విషయం మీద దొరికే సలహాలు ఒకదానితో ఒకటి పొసగవు. 35 సార్లు చెరపమనేవాళ్లున్నారు, ఒక్కసారి చాలనేవాళ్లున్నారు, సుత్తి తీసుకోమనేవాళ్లూ ఉన్నారు.

ఈ గందరగోళంలో దారి చూపే ప్రశ్న నా దృష్టిలో ఒక్కటే. మన డేటా లోపల ఏ చోట ఉందో ఎవరికి తెలుసు? ఆపరేటింగ్ సిస్టమ్‌కా, లేక డ్రైవ్ లోపల కూర్చుని దాన్ని నడిపే కంట్రోలర్ చిప్‌కా? ఎవరికి తెలిస్తే చెరిపే పని వాళ్లకే అప్పజెప్పాలి.

డిలీట్ కొడితే ఏమవుతుంది

పెన్‌డ్రైవ్‌లలో, మెమరీ కార్డుల్లో తరచూ కనిపించే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌నే చూద్దాం. అందులో ఫోల్డర్ అంటే ఒక పట్టిక. ఒక్కో ఫైలుకు 32 బైట్ల ఎంట్రీ ఉంటుంది. ఫైలు పేరు, సైజు, తేదీ, డేటా ఏ చోట మొదలవుతుంది అన్నవి అందులో రాసి ఉంటాయి. మనం డిలీట్ కొట్టగానే ఆ ఎంట్రీలో పేరు మొదటి అక్షరం ఉన్న బైట్‌లోకి ఈ5 అనే హెక్స్ (పదహారు అంకెల లెక్క) విలువ వచ్చి కూర్చుంటుంది. ఆ ఫైలు ఆక్రమించిన చోటు ఇక ఖాళీ అని ఇంకో పట్టికలో గుర్తు పడుతుంది. అంతటితో సరి. అసలు డేటా జోలికి ఎవరూ వెళ్లలేదు. రెండు గంటల వీడియో రెప్పపాటులో డిలీట్ అవడానికి కారణం ఇదే. రికవరీ సాఫ్ట్‌వేర్‌లో పాత ఫైళ్ల పేర్లు ఒక్కోసారి మొదటి అక్షరం లేకుండా బయటికి వచ్చేదీ ఇందుకే.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లోనూ దాదాపు ఇదే తంతు. ఫైలు రికార్డు మీద 'వాడుకలో ఉంది' అనే గుర్తును తీసేస్తారు, మిగతాదంతా అలాగే ఉంటుంది. అందులో ఇంకో మెలిక ఉంది. కొన్ని వందల బైట్లకు మించని చిన్న ఫైలుకు డిస్కులో వేరే చోటు కేటాయించరు, ఆ రికార్డులోనే ఇమిడిపోతుంది. నాలుగు పాస్‌వర్డ్‌లు రాసిపెట్టుకున్న నోట్‌ప్యాడ్ ఫైలు సరిగ్గా ఈ కోవలోకే వస్తుంది. డిస్కులోని ఖాళీ జాగా మొత్తం చెరిపే టూల్ నడిపినా, అది ఈ రికార్డుల్లోకి తొంగిచూడకపోతే ఆ నాలుగు లైన్లు భద్రంగా మిగిలిపోతాయి.

క్విక్ ఫార్మాట్ చేసేది కొత్త ఖాళీ పట్టికలు రాయడం. మామూలు ఫార్మాట్ సంగతి వేరు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అది చెడిపోయిన సెక్టార్లు (డిస్కు చోటును విభజించిన చిన్న ముక్కలు) ఉన్నాయేమో చదివి చూసేది, డేటా మీద ఏమీ రాసేది కాదు. విస్టా నుంచి మాత్రం డిస్కు మొత్తం మీద సున్నాలు రాస్తుంది. అంటే అదే పేరున్న బటన్ ఒక వెర్షన్‌లో డేటాను ఉంచేసింది, తర్వాతి వెర్షన్‌లో చెరిపేసింది. వాడేవాళ్లకు ఈ తేడా ఎలా తెలుస్తుంది?

35 సార్ల కథ

తిరిగే పళ్లేలున్న హార్డ్ డిస్కులో విషయం కాస్త నయం. ఆపరేటింగ్ సిస్టమ్ ఫలానా నంబరు సెక్టార్‌లో రాయమంటే దాదాపు ఎప్పుడూ అదే భౌతికమైన చోట రాస్తుంది. మళ్లీ అదే నంబరులో సున్నాలు రాయమంటే పాత డేటా మీదే పడతాయి. కాబట్టి డిస్కు మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా ఒకసారి సున్నాలు నింపేస్తే మామూలు మనిషికే కాదు, ల్యాబ్‌కు కూడా అందులోంచి ఏమీ దొరకదు.

మరి ఆ 35 ఎక్కడి నుంచి వచ్చింది? 1996లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గుట్‌మన్ ఒక పరిశోధన పత్రం రాశాడు. సున్నా ఉన్నచోట ఒకటి రాస్తే వచ్చే అయస్కాంత సంకేతం, ఒకటి ఉన్నచోటే ఒకటి రాస్తే వచ్చే సంకేతం అచ్చంగా ఒకేలా ఉండవు, ఆ స్వల్ప తేడాను బట్టి పాత విలువను పసిగట్టే వీలుందని అందులో వాదించాడు. అప్పటి డిస్కులు డేటాను రకరకాల ఎన్‌కోడింగ్ పద్ధతుల్లో రాసేవి. ఒక్కో పద్ధతికి ఒక్కో రకం నమూనా రాస్తే బాగా చెరుగుతుంది. మన చేతిలోని డిస్కు ఏ పద్ధతి వాడుతుందో తెలియకపోతే అన్ని నమూనాలూ రాసెయ్యడమే మార్గం. అలా 27 నమూనాలు, ముందు నాలుగుసార్లు, వెనక నాలుగుసార్లు యాదృచ్ఛిక డేటా, వెరసి 35. అంటే ఏ ఒక్క డిస్కుకూ ఆ 35 అవసరం లేదు. అది అన్ని రకాల డిస్కులకూ కలిపి రాసిన మందుల చీటీ.

తర్వాతి కాలంలో గుట్‌మనే ఆ పత్రానికి అనుబంధం చేర్చి, ఈ 35 సార్లను జనం భూతవైద్యుడి మంత్రంలా జపిస్తున్నారని విసుక్కున్నాడు. అప్పటికే ఆ పాత ఎన్‌కోడింగ్‌లు పోయాయి, డిస్కు మీద బిట్లు కిక్కిరిసి అచ్చయ్యే రోజులొచ్చాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2006లో తన మార్గదర్శకాల్లో, 2001 తర్వాత తయారైన 15 గిగాబైట్లకు పైబడిన డిస్కులకు ఒక్కసారి ఓవర్‌రైట్ చేస్తే, అంటే పాత డేటా మీద కొత్తది రాస్తే, చాలని రాసేసింది. 2008లో ముగ్గురు పరిశోధకులు మైక్రోస్కోప్‌తో ప్రయోగం చేసి చూశారు. ఒక్కసారి ఓవర్‌రైట్ చేశాక, ఎక్కడుందో కచ్చితంగా తెలిసిన ఒక్క బిట్‌ను చెప్పగలగడమే నాణెం ఎగరేసి చెప్పడం కన్నా కాస్త మెరుగు, అంతే. ఎనిమిది బిట్లు వరసగా సరిగ్గా వచ్చే అవకాశం ఒక శాతం లోపు. ఇక ఫొటో, లెటర్ లాంటివి తిరిగి రావడం మాట మర్చిపోవచ్చు.

అయినా చెరిపే సాఫ్ట్‌వేర్ల మెనూల్లో గుట్‌మన్ 35 సార్లు, అమెరికా రక్షణ శాఖ పేరుతో 3 సార్లు అనే ఆప్షన్లు ఇప్పటికీ ఠీవిగా కూర్చుని ఉంటాయి. లెక్క వేసి చూడండి. నాలుగు టెరాబైట్ల డిస్కులో సెకనుకు సగటున 150 మెగాబైట్లు రాస్తే ఒక విడతకు ఏడున్నర గంటలు పడుతుంది. 35 విడతలకు దాదాపు 11 రోజులు. ఈ పదకొండు రోజుల్లో డిస్కుకు జరిగేది అరుగుదల తప్ప ఇంకేమీ లేదు. పైగా నాకు అసలు భయం ఇంకోటి: అంత టైమ్ పడుతుందని తెలిసి జనం మొత్తానికే మానేస్తారు.

ఒక్కసారి చాలు అన్నాను గానీ మూలలు కొన్ని మిగులుతాయి. చెడిపోతోందని అనుమానం వచ్చిన సెక్టార్‌ను డ్రైవ్ తనే పక్కన పెట్టి, దాని నంబరును వేరే చోటికి మళ్లిస్తుంది. పాత సెక్టార్‌లో ఉన్నది అలాగే ఉంటుంది, మనం రాసే సున్నాలు మాత్రం అక్కడికి చేరవు. ఇది కాక కొన్ని డిస్కుల్లో కంప్యూటర్‌కు కనిపించకుండా దాచిపెట్టిన ప్రాంతాలుంటాయి. తయారీదారు రికవరీ సాఫ్ట్‌వేర్ లాంటివి అందులో పెడతారు. ఇంట్లో వాడుకునేవాళ్లకు ఇవి పెద్ద లెక్కలోవి కావు. లెక్క అనుకునేవాళ్ల కోసం డ్రైవ్‌లోనే ఒక ఆదేశం ఉంది, దాని పేరు ఏటీఏ సెక్యూర్ ఎరేజ్. మనం సున్నాలు పంపక్కర్లేదు, చెరుపు అని చెబితే డ్రైవే తన లోపలంతా చెరుపుకుంటుంది. అందులోనూ ఎన్‌హాన్స్‌డ్ అనే రకం ఉంటే దాన్నే ఎంచుకోవాలి, పక్కన పెట్టిన సెక్టార్ల మీద కూడా రాసేది అదే.

దాన్ని మొదటిసారి వాడేవాళ్లకు ఒకచోట బండి ఆగిపోతుంది. లినక్స్‌లో హెచ్‌డీపార్మ్ కమాండ్‌తో డ్రైవ్ వివరాలు అడిగితే చివర్లో సెక్యూరిటీ అనే భాగం వస్తుంది. అక్కడ 'ఫ్రోజెన్' అని కనిపిస్తే ఆదేశం పనిచేయదు. వైరస్ ఏదైనా ఇదే ఆదేశంతో డిస్కును తుడిచెయ్యకుండా మదర్‌బోర్డు బూట్ అయ్యేటప్పుడే వేసే తాళం అది. కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి లేపితే చాలాసార్లు ఆ తాళం ఊడిపోయి 'నాట్ ఫ్రోజెన్' అని మారుతుంది. ఆ తర్వాత డ్రైవ్‌కు తాత్కాలికంగా ఒక పాస్‌వర్డ్ పెట్టి చెరిపే ఆదేశం ఇవ్వాలి. మధ్యలో కరెంటు పోతే డ్రైవ్ ఆ పాస్‌వర్డ్‌తో లాక్ అయి ఉండిపోతుంది కాబట్టి తేలిగ్గా గుర్తుండేదే పెట్టుకోవాలి. ఇక్కడ తెలివితేటలు చూపించి పాతిక అక్షరాల పాస్‌వర్డ్ పెట్టడం అనవసరం.

ఎస్ఎస్‌డీలో ఆట మారిపోతుంది

హార్డ్ డిస్కు పలక లాంటిది, తుడిచి అక్కడే రాయొచ్చు. ఎస్ఎస్‌డీ పెన్నుతో రాసే నోట్‌బుక్కు. రాసిన గీతను చెరపడం కుదరదు. మార్పు కావాలంటే కొత్త పేజీలో రాసి, ఇకపై ఆ పేజీ చూడమని ముందున్న పట్టీలో మార్చుకోవాలి. పాత పేజీ పుస్తకంలోనే ఉంటుంది. చెరపాలంటే కొన్ని వందల పేజీల కట్టను ఒకేసారి తీసెయ్యాలి.

ఫ్లాష్ మెమరీ పనితీరు ఇదే. చదవడం, రాయడం కొన్ని కిలోబైట్ల పేజీల్లో జరుగుతుంది. చెరపడం మాత్రం వందలాది పేజీలు కలిసిన బ్లాక్‌ల లెక్కన. ఒక్కో బ్లాక్‌ను చెరపగలిగే సార్లకు పరిమితి ఉంది కాబట్టి ఒకే చోటును అరగదీయకుండా కంట్రోలర్ రాతలను చిప్పులన్నిటి మీదకీ పంచుతుంది. ఏ నంబరు డేటా ఏ చిప్పులో ఏ పేజీలో ఉందో దాని పట్టికకే ఎరుక. ఆపరేటింగ్ సిస్టమ్ ఫలానా సెక్టార్‌లో సున్నాలు రాయమంటే, కంట్రోలర్ సరేనని ఇంకెక్కడో ఖాళీ పేజీలో సున్నాలు రాసి పట్టిక మార్చేస్తుంది. పాత డేటా ఉన్న పేజీ తన వంతు వచ్చేదాకా చిప్పులో అలాగే పడి ఉంటుంది.

డిస్కు నిండా సున్నాలు నింపేస్తే అన్నీ చెరుగుతాయి కదా అనిపిస్తుంది. అక్కడా ఒక లోటుంది. 512 గిగాబైట్లు అని రాసున్న ఎస్ఎస్‌డీలో చిప్పులన్నీ కలిపితే తరచూ దాదాపు 550 ఉంటాయి. ఆ తేడా 37 గిగాబైట్ల చిల్లర కంట్రోలర్ సొంత అవసరాలకు పెట్టుకున్నది, మనకు కనిపించదు. అందులో ఏ పాత పేజీలున్నాయో మనం అడగలేం, చెరపలేం.

ఇదంతా ఊహ కాదని 2011లో తేలింది. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 12 ఎస్ఎస్‌డీలు తీసుకుని, చెరిపాక చిప్పులను నేరుగా చదివే పరికరం తయారుచేసి చూశారు. ఒక్క ఫైలును ఎంచుకుని ఓవర్‌రైట్ చేసే పద్ధతులన్నీ విఫలమయ్యాయి. ఫైలులో 4 నుంచి 75 శాతం దాకా చిప్పుల్లో మిగిలే ఉంది. డిస్కు మొత్తం రెండుసార్లు నింపితే చాలావాటిలో చెరిగింది గానీ అన్నిట్లో కాదు. అన్నిటికన్నా టెన్షన్ పెట్టే ఫలితం ఇంకోటి. ఒక డ్రైవ్ సెక్యూర్ ఎరేజ్ ఆదేశం తీసుకుని, విజయవంతంగా పూర్తయిందని జవాబిచ్చింది. తీరా చూస్తే డేటా మొత్తం ఎక్కడిదక్కడే ఉంది.

యాపిల్ చేసిన పని ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. మ్యాక్‌లలో ట్రాష్‌ను భద్రంగా ఖాళీ చేసే 'సెక్యూర్ ఎంప్టీ ట్రాష్' అనే ఆప్షన్ ఏళ్ల తరబడి ఉండేది. 2015లో వచ్చిన ఎల్ కాపిటన్‌లో దాన్ని తీసేసింది. ఫ్లాష్ డ్రైవ్‌లున్న మెషిన్లలో ఫైలు చెరుగుతుందని హామీ ఇవ్వలేకపోవడమే కారణం. నిలబెట్టుకోలేని మాట చెప్పే బటన్ కన్నా అసలు బటన్ లేకపోవడమే మేలు. ఫైల్ ష్రెడర్ల పేరుతో ఎస్ఎస్‌డీల కోసం ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ట్రిమ్ అనేది ఒకటుంది. ఫైలు డిలీట్ చేయగానే ఫలానా చోట్లు ఇక అక్కర్లేదని ఆపరేటింగ్ సిస్టమ్ ఎస్ఎస్‌డీకి చెప్పే కబురు అది. ఆ తర్వాత ఆ చోట్లను చదవబోతే చాలా డ్రైవ్‌లు సున్నాలే ఇస్తాయి. మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్ అక్కడ చేతులెత్తేస్తుంది. పొరపాటున ఫొటోలు డిలీట్ చేసుకున్నవాళ్లకు ఇది పిడుగులాంటి వార్త. కానీ చిప్పులో నిజంగా ఎప్పుడు చెరపాలన్నది కంట్రోలర్ ఇష్టం. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వాడే ఎస్ఎస్‌డీలకు ఈ కబురు చాలాసార్లు అందదు కూడా. కాబట్టి ట్రిమ్‌ను కలిసొచ్చిన అదృష్టంగా చూడాలి, భద్రతా పద్ధతిగా కాదు.

మరి ఎస్ఎస్‌డీకి ఏం చేయాలి? డేటా ఎక్కడుందో కంట్రోలర్‌కే తెలుసు కాబట్టి దానికే చెప్పాలి. పాత తరహా సాటా కనెక్షన్ వాడే ఎస్ఎస్‌డీలకు ఇందాకటి సెక్యూర్ ఎరేజ్. అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ రకానికి రెండు దారులున్నాయి: ఫార్మాట్ ఆదేశంలో యూజర్ డేటా ఎరేజ్ ఎంచుకోవడం ఒకటి, శానిటైజ్ ఆదేశం ఇంకొకటి. శానిటైజ్ మొండిది, అదే దాని మంచి గుణం. ఒకసారి మొదలైతే ఆపలేం. మధ్యలో పవర్ తీసేసినా మళ్లీ ఇవ్వగానే మిగిలిన పని పూర్తి చేస్తుంది. దాచిపెట్టుకున్న చిల్లర పేజీలకూ ఇది వర్తిస్తుంది. ఈ ఆదేశాలు చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్ (విండోస్ మొదలయ్యే ముందే తెరుచుకునే సెట్టింగ్స్) మెనూలోనో, డ్రైవ్ తయారీదారు ఇచ్చే టూల్‌లోనో దొరుకుతాయి. హార్డ్ డిస్కుకు గంటలు పట్టిన పని బ్లాక్‌లు ఒక్కపెట్టున చెరిగిపోయే ఎస్ఎస్‌డీలో తరచూ నిమిషాల్లోనే ముగుస్తుంది.

పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు ఈ కుటుంబంలో అనాథలు. లోపల అదే ఫ్లాష్, అదే పట్టిక, కానీ చాలావాటికి చెరిపే ఆదేశం లేదు. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు నింపి ఊరుకోవడం తప్ప చేసేదేం ఉండదు. ముఖ్యమైన కాగితాలు తిరిగిన పెన్‌డ్రైవ్‌ను ఇంకొకరికి ఇవ్వకపోవడమే ఉత్తమం. దానికొచ్చే విలువకు ఆ రిస్కు దండగ.

తాళంచెవి పారేయడం

డేటా ఎక్కడుందో వెతికి చెరపడం ఇంత కష్టమైతే, అది ఎక్కడ మిగిలినా పనికిరాకుండా చేస్తే? డ్రైవ్‌లోకి వెళ్లే ప్రతి బైటూ ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే తాళంచెవి లేకుండా చదవలేని రూపంలోకి మారే వెళ్లిందనుకోండి. అప్పుడు చెరపాల్సింది టెరాబైట్లు కాదు, 32 బైట్లో 64 బైట్లో ఉండే తాళంచెవి ఒక్కటే. అది పోతే చిప్పుల్లో మిగిలిన పేజీలు, పక్కన పెట్టిన సెక్టార్లు అన్నీ అర్థంలేని చెత్త. దీన్నే క్రిప్టోగ్రాఫిక్ ఎరేజ్ అంటారు. నాకు తెలిసినంతలో ఈ మొత్తం వ్యవహారంలో తెలివైన ఆలోచన ఇదొక్కటే.

ఫోన్లలో ఫ్యాక్టరీ రీసెట్ ఇంత వేగంగా అయిపోవడానికి కారణం ఇదే. ఐఫోన్‌లో 2009 నాటి 3జీఎస్ నుంచే హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్ ఉంది. 'ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్' నొక్కితే అది తాళంచెవులను పారేస్తుంది. ఆండ్రాయిడ్ ఇక్కడికి ఆలస్యంగా చేరింది. 2015లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో లారెంట్ సైమన్, రాస్ ఆండర్సన్ ఐదు కంపెనీల 21 పాత ఫోన్లను రీసెట్ చేసి పరీక్షిస్తే మెసేజ్‌లు, ఫొటోలే కాదు, గూగుల్ ఖాతాలోకి ప్రవేశం ఇచ్చే టోకెన్లు కూడా బయటపడ్డాయి. అవి ఆండ్రాయిడ్ 2.3 నుంచి 4.3 దాకా వెర్షన్లున్న ఫోన్లు. అదే ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 6తో, తగిన వేగమున్న కొత్త ఫోన్లకు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరైంది. ఆండ్రాయిడ్ 10కి వచ్చేసరికి కొత్తవాటన్నిటికీ. కాబట్టి ఈ కాలపు ఫోన్‌కు స్క్రీన్ లాక్ పెట్టి వాడుతూ, ఖాతాల్లోంచి సైన్ అవుట్ అయి, సెట్టింగ్స్‌లోంచి రీసెట్ చేస్తే చాలు. సైన్ అవుట్ అవకుండా చేస్తే డేటాకు ముప్పు లేదు గానీ, కొన్నవాళ్లు మీ పాస్‌వర్డ్ కోసం మీ వెంట పడతారు. మెమరీ కార్డు మాత్రం తీసేసుకోండి. చాలా ఫోన్లలో దానికి ఈ రక్షణ ఉండదు.

లినక్స్‌లో వాడే లక్స్ ఎన్‌క్రిప్షన్ రాసినవాళ్లు తాళంచెవిని చెరపడం గురించి ఎంత ఆలోచించారో చూస్తే ముచ్చటేస్తుంది. 64 బైట్ల తాళంచెవిని వాళ్లు 64 బైట్లుగా దాచరు. కావాలనే 4,000 రెట్లు ఉబ్బించి 2,56,000 బైట్లుగా రాస్తారు. అందులో ఏ చిన్న ముక్క పోయినా తాళంచెవి తిరిగి రాదు. పక్కన పెట్టిన సెక్టార్‌లో ఏదో ముక్క చెరగకుండా మిగిలినా ఫర్వాలేదు, మిగతాది చెరిగితే చాలు. దాచుకునే వస్తువును తేలిగ్గా నాశనమయ్యేలా తయారుచేయడం మామూలుగా ఎవరికీ తట్టదు.

ఇందులోనూ మెలికలున్నాయి. కొన్ని డ్రైవ్‌లు ఎన్‌క్రిప్షన్ మేమే చూసుకుంటాం అంటాయి. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు క్రూషియల్, సామ్‌సంగ్ కంపెనీల మోడళ్లు కొన్నింటిని విప్పి చూస్తే, కొన్నిట్లో మనం పెట్టే పాస్‌వర్డ్‌కూ డేటా తాళంచెవికీ అసలు ముడే లేదు. అప్పటికి విండోస్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్, డ్రైవ్ తనే చూసుకుంటానంటే నమ్మి ఊరుకునేది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి మార్చి, కొత్త డ్రైవ్‌లకు తన సాఫ్ట్‌వేర్‌తోనే ఎన్‌క్రిప్ట్ చేసేలా పెట్టింది. మనకూ ఆపరేటింగ్ సిస్టమ్ చేసే ఎన్‌క్రిప్షనే నమ్మకమైనది.

రెండో మెలిక బిట్‌లాకర్ ఆన్ చేసేటప్పుడు వచ్చే ఒక ప్రశ్న. వాడిన చోటు వరకే ఎన్‌క్రిప్ట్ చేయాలా, డ్రైవ్ మొత్తమా అని అడుగుతుంది. కొత్త డ్రైవ్‌కు మొదటిది సరిపోతుంది. అప్పటికే రెండు మూడేళ్లుగా వాడుతున్నదానికి మొదటిది ఎంచుకుంటే, ఎప్పుడో డిలీట్ చేసిన ఫైళ్లు 'ఖాళీ' చోటులో ఎన్‌క్రిప్షన్ లేకుండానే ఉండిపోతాయి. ఎస్ఎస్‌డీలో అయితే రెండోది ఎంచుకున్నా కంట్రోలర్ దాచుకున్న పాత పేజీలు మిగలొచ్చు. ఎన్‌క్రిప్షన్ మొదటి రోజే మొదలుపెడితే ఏ బాధా లేదు. ఆఖరి రోజున పెడితే పైన చెప్పిన తంటాలన్నీ పడాల్సిందే. ఇంకోటి, పాస్‌వర్డ్ మర్చిపోతే తెరవడానికి వాడే రికవరీ కీకి తరచూ ఆన్‌లైన్ ఖాతాలోనూ ఒక కాపీ ఉంటుంది. డ్రైవ్‌లోని తాళంచెవి చెరిగితే ఆ కాపీ దేనికీ పనికిరాదు. చెరపకుండా డ్రైవ్ ఇచ్చేస్తే మాత్రం ఆ కాపీ దొరికినవాడికి తలుపులు తెరుచుకుంటాయి.

పగలగొడితే సరిపోతుందా

2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక భూమికి తిరిగొస్తూ ఆకాశంలోనే ముక్కలైపోయింది. శకలాల్లో ఒక హార్డ్ డిస్కు దొరికింది. పైనంతా కాలి, కరిగి ఉన్న ఆ డిస్కులోంచి నిపుణులు 99 శాతం డేటా వెలికితీశారు. అందులోని జినాన్ వాయువు ప్రయోగ ఫలితాలు 2008లో శాస్త్రీయ పత్రికలో అచ్చయ్యాయి కూడా. ఇది తెలిశాక డిస్కు మీద రెండు సుత్తి దెబ్బలు వేసి నిశ్చింతగా ఉండటం కష్టమే.

న్యాయంగా చెప్పాలంటే అంత ఖర్చు పెట్టి మీ పాత డిస్కును ఎవరూ తవ్వరు. పళ్లేలకు నాలుగు కంతలు పెడితే మామూలు దొంగ వదిలేస్తాడు. కంతలు లేని చోట డేటా ఉంటుందన్నది మాత్రం నిజం. శక్తిమంతమైన అయస్కాంతంతో పనిచేసే డీగాసర్ హార్డ్ డిస్కును పూర్తిగా తుడిచేస్తుంది. డేటాతో పాటు, డేటా చదివే హెడ్‌కు దారి చూపే గుర్తులు కూడా పోతాయి కాబట్టి ఆ డిస్కు మళ్లీ పనికిరాదు. ఎస్ఎస్‌డీని అదే మెషిన్‌లో పెడితే ఏమీ కాదు. అందులో ఉన్నది అయస్కాంతం కాదు, విద్యుదావేశం. ఎస్ఎస్‌డీని పగలగొట్టేటప్పుడు బోర్డును రెండుగా విరిస్తే చాలదు, మెమరీ చిప్పులు ఒక్కొక్కటీ పిండి కావాలి. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎస్ఎస్‌డీ ముక్కలు రెండు మిల్లీమీటర్లకు మించకూడదంటుంది. ఫోన్‌కు మాత్రం సుత్తి, డ్రిల్ తీయకండి. లోపలి లిథియం బ్యాటరీ మంటలు లేపుతుంది.

పనిచేసే డ్రైవ్‌ను పగలగొట్టడం నాకు వృథా అనిపిస్తుంది, సరిగ్గా చెరిపితే ఇంకొకరు వాడుకుంటారు. పగలగొట్టడం తప్పనిసరయ్యేది చచ్చిపోయిన డ్రైవ్‌కే. కంప్యూటర్‌కు కనిపించని డ్రైవ్‌కు ఏ ఆదేశమూ ఇవ్వలేం. కానీ సర్క్యూట్ బోర్డు పోయినంత మాత్రాన పళ్లేల్లో డేటా పోలేదు. బాగుచేసేవాళ్ల చేతికి వెళితే అది మళ్లీ తిరుగుతుంది. వారంటీలో వెనక్కి పంపే డ్రైవ్‌ల సంగతీ ఇదే. ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే నిశ్చింతగా పంపొచ్చు. లేకపోతే వారంటీ కావాలా, డేటా కావాలా అని తేల్చుకోవాలి.

సంస్థల దగ్గరికొస్తే టెక్నాలజీ కన్నా ఎక్కువ దెబ్బతీసేది చేతులు మారే దారి. అమెరికా బ్యాంకింగ్ సంస్థ మోర్గాన్ స్టాన్లీ తన డేటా సెంటర్ల పాత సామాను వదిలించుకునే పనిని, డేటా చెరపడంలో ఏ అనుభవమూ లేని సామాన్ల తరలింపు కంపెనీకి అప్పగించింది. ఎన్‌క్రిప్షన్ లేని డ్రైవ్‌లు ఆన్‌లైన్ వేలంలోకి వెళ్లాయి. వాటిని కొన్న ఓ ఐటీ కన్సల్టెంట్ డేటా కనిపిస్తోందని సంస్థకే ఈమెయిల్ పెట్టాడు. దాదాపు కోటిన్నర మంది ఖాతాదారుల వివరాలను కాపాడలేకపోయారంటూ 2022లో అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అంతకుముందు 2013లో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ 12 లక్షల డాలర్లు కట్టింది. లీజుకు తెచ్చిన ఫొటోకాపీ మెషిన్లను వెనక్కిచ్చేటప్పుడు వాటిలోని హార్డ్ డిస్కులను చెరపలేదు. అందులో మూడు లక్షల నలభై వేలకు పైగా మనుషుల వైద్య వివరాలు ఉండి ఉండవచ్చని అంచనా. ఫొటోకాపీ మెషిన్‌లో డిస్కు ఉంటుందనే ఆలోచనే ఎవరికీ రాదు.

అందుకే ఈ పనికి ఆఫీసుల్లో కావాల్సింది ఖరీదైన సాఫ్ట్‌వేర్ కాదు, ఒక రిజిస్టర్. ఏ సీరియల్ నంబరు డ్రైవ్‌ను, ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో చెరిపారు, ఎవరు సరిచూశారు అన్నది రాసి ఉండాలి. సరిచూడటం ఇంట్లోనైనా చేయదగ్గదే, కష్టమూ కాదు. చెరిపిన డ్రైవ్‌ను హెక్స్ ఎడిటర్‌లో (బైట్లను నేరుగా చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి మొదట్లో, మధ్యలో, చివర్లో పదిచోట్ల చూడండి. సెక్యూర్ ఎరేజ్ అయితే వరసగా సున్నాలో, ఎఫ్ఎఫ్‌లో కనిపించాలి. క్రిప్టో ఎరేజ్ అయితే గజిబిజి అక్షరాలుంటాయి. ఎక్కడైనా చదవదగ్గ మాట ఒక్కటి కనిపించినా ఆదేశం మళ్లీ ఇవ్వాలి. రెండోసారి కూడా కనిపిస్తే ఆ డ్రైవ్ ఫర్మ్‌వేర్‌ను (దాని లోపలి సాఫ్ట్‌వేర్) నమ్మి లాభం లేదు, చిప్పులు విరగ్గొట్టే జాబితాలోకి చేర్చండి.